పొటాషియం రిపోర్టుకు ముందు అది ఏ జంతువు రక్తమో చూడండి

పశువైద్యంలోకి రాబోతున్న మీ అందరికీ నమస్కారం.

ఎర్ర రక్తకణంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ అని చదువుకుని వచ్చారు. మనిషికి, గుర్రానికి, పందికి అది నిజమే. మామూలు కుక్క, పిల్లి దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. వాటి కణాల్లో ఉండేది ఎక్కువగా సోడియమే.

కణం పొరలో ఒక పంపు ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఇంకోపక్క ఆ పొరలోంచే రెండూ మెల్లగా కారుతూ ఉంటాయి. చిల్లుపడవలో నీళ్లు తోడుతున్నట్టే ఇదంతా. తోడే జోరు, కారే జోరు కలిసి లోపల ఏది ఎంత మిగలాలో తేలుస్తాయి.

ఈ సంగతి బాగా బయటపడింది గొర్రెల్లో. ఒకే మందలో, ఒకే మేత మేసే గొర్రెల్లోనే కొన్నిటి కణాల్లో పొటాషియం ఎక్కువ, కొన్నిటిలో తక్కువ ఉండొచ్చు. అది వంశంలో వచ్చే గుణం. 1960లో టోస్టెసన్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. పొటాషియం ఎక్కువున్న రకంలో పంపు జోరుగా నడుస్తోంది, కారడం తక్కువ. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వీటి పిల్లల సంగతి. తక్కువ రకం గొర్రెపిల్ల కూడా పుట్టినప్పుడు ఎక్కువ పొటాషియంతోనే పుడుతుంది. కొన్ని వారాల్లో రక్తం మారిపోతుంది.

కుక్క కణమైతే ముదిరేసరికి ఆ పంపునే వదిలేసుకుంటుంది. మరి సోడియం నిండి, నీరు చేరి పగిలిపోదా? పోదు. కాల్షియం లోపలికి వస్తూ సోడియాన్ని బయటికి నెడుతుంది. అలా వచ్చిన కాల్షియాన్ని వేరే పంపు బయట పారేస్తుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

ఇక మీ ల్యాబ్ సంగతి. గుర్రం రక్తాన్ని సీరం (గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేయకుండా ఫ్రిజ్‌లో పెట్టారనుకోండి. చలికి పంపు మందగిస్తుంది, పొటాషియం బయటికి కారుతుంది. కణాలు పగల్లేదు కాబట్టి సీరం ఎర్రబడదు, మనకు అనుమానమూ రాదు. రిపోర్టులో మాత్రం అంకె పెరిగి టెన్షన్ పెడుతుంది. మామూలు కుక్క రక్తంలో ఈ బెడద తక్కువ, కారడానికి లోపల పొటాషియమే పెద్దగా లేదు. కానీ అకిటా, షిబా వంటి జపాన్ జాతుల్లో కొన్ని కుక్కలకు ఆ పంపు చివరిదాకా నిలిచే ఉంటుంది. అందుకే శాంపిల్ మీద జాతి పేరు, రక్తం తీసిన టైము, సీరం వేరుచేసిన టైము మూడూ రాయండి.