కరెంటు పోయిన ఇంట్లో కరెంటు

సభకు నమస్కారం.

ఇళ్లలోకి వరద నీరు చేరినప్పుడు తరచూ వినిపించే ధీమా మాట ఒకటుంది: "ఎలాగూ కరెంటు పోయింది కదా, ఇంకేం భయం!" వీధికి సరఫరా ఆగిపోవడం వేరు, ఇంట్లో విద్యుత్తు లేకపోవడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడమే చాలా ప్రమాదాలకు కారణమని నా అభిప్రాయం.

ముందు నీటి సంగతి చూద్దాం. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు అంతంతమాత్రంగానే ప్రవహిస్తుంది. కానీ వరద నీటిలో మట్టిలోని లవణాలు, మురుగు కలిసి ఉంటాయి కనుక అది మంచి వాహకంగా మారుతుంది. చర్మం పొడిగా ఉన్నప్పుడు వేలల్లో, ఒక్కోసారి లక్ష ఓమ్‌ల దాకా ఉండే శరీర నిరోధం, అంటే విద్యుత్తును అడ్డుకునే గుణం, తడిస్తే సుమారు 1000 ఓమ్‌లకు దిగిపోతుంది. ఆ లెక్కన 230 వోల్టులు తగిలితే ఒంట్లో 230 మిల్లీ ఆంపియర్లు పారవచ్చు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలడం కష్టమవుతుంది. 50 నుంచి 100 మధ్యకు చేరితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. బోర్డులో కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్ ఉంటుంది, అదే ఎం.సి.బి. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఆ 230 మిల్లీ ఆంపియర్లు, అంటే పావు ఆంపియర్ కూడా లేనిది, ఒక లెక్కే కాదు, ఎందుకంటే దాన్ని పెట్టింది వైర్లు కాలిపోకుండా చూడటానికి. మనిషిని కాపాడటానికి పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్.సి.సి.బి. అనే మరో స్విచ్. దాని మీదున్న టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూసుకునేవాళ్లు ఎందరో మీకే తెలుసు.

ఇక సరఫరా ఆగిన ఇంటి సంగతి. ఆగిన మరుక్షణమే ఇన్వర్టర్ పని మొదలుపెడుతుంది. గోడకు అడుగు ఎత్తులో ఉన్న ప్లగ్ పాయింటు దాని లైన్‌లో ఉంటే, మెయిన్ స్విచ్ దించేసినా అందులో 230 వోల్టులు ఉంటాయి. అందుకే ఇన్వర్టర్‌ను విడిగా ఆపాలి, వీలైతే బ్యాటరీతో సహా ముందే ఎత్తుకు చేర్చాలి. మేడ మీద సౌర ఫలకాలుంటే, పగటి వెలుతురు ఉన్నంతసేపూ వాటి నుంచి వచ్చే డి.సి. వైర్లలో వోల్టేజీ ఉంటుంది. సరఫరా లేదన్న సంగతి వాటికి పట్టదు. జనరేటర్ అయితే మరీ జాగ్రత్త. దాన్ని ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని వీధి లైనుకో, జనరేటర్‌కో ఒకదానికే కలిపే స్విచ్) లేకుండా నేరుగా ప్లగ్ పాయింటుకు కలిపితే, ఇంట్లోని విద్యుత్తు వెనక్కి పారి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులుగా మారి, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. పైగా దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి, వరండాలోనో మెట్ల కిందో పెట్టి నడపడం తగదు.

వరద ముంచుకొస్తున్నప్పుడు విద్యుత్ సిబ్బంది కావాలనే ఫీడర్‌ను, అంటే ఆ ప్రాంతానికి సరఫరా తెచ్చే లైనును, ఆపేస్తారు. అప్పుడు వాళ్లకు ఫోన్ చేసి తిట్టేవాళ్లున్నారు కానీ, నా దృష్టిలో ఆ అంతరాయం మనకు రక్షణే. నీళ్లు తీశాక సరఫరా ఆలస్యమైతే, తెగిపడిన తీగలను, మునిగిన పెట్టెలను చూసుకుంటూ వస్తున్నారని గ్రహించాలి. తెగిన తీగ కనిపిస్తే, అందులో కరెంటు లేదని ఎవరు చెప్పినా కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, విద్యుత్ కార్యాలయానికి తెలపండి.

మెయిన్ స్విచ్ దించవలసింది నీరు గుమ్మం దాటకముందే. దాని దగ్గరికి వెళ్లడానికి నీటిలో నిలబడాల్సి వస్తే, ఆ ప్రయత్నమే మానుకుని, బయటి నుంచి సరఫరా తీయించండి. ఎవరైనా నీటిలో షాక్‌కు గురై పడిపోయినా, సరఫరా ఆగిందని తేలేదాకా ఆ నీటిలోకి దిగకూడదు. ఆత్రంగా దూకినవారు రెండో బాధితులవుతారు.

నీరు తగ్గాక మునిగిన స్విచ్‌బోర్డు మూత విప్పి చూస్తే, స్క్రూల చుట్టూ, పిన్నుల సందుల్లో సన్నటి ఒండ్రు పేరుకుని కనిపిస్తుంది. పైకి ఆరినట్టున్నా ఆ పొర తేమను పట్టి ఉంచుతుంది, లోహాన్ని తినేస్తుంది, ఒక కొన నుంచి మరో కొనకు విద్యుత్తుకు దారి ఇస్తుంది. మునిగిన ఎం.సి.బి.లను, ఆర్.సి.సి.బి.లను, స్విచ్‌లను తుడిచి ఆరబెట్టి వాడకుండా మార్చేయడమే మంచిది. మోటార్లను మాత్రం నిపుణులు కడిగి, ఆరబెట్టి, పరీక్షించి మళ్లీ నడపగలుగుతారు. వైరింగ్‌ను ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్ అనే పరీక్షా మీటరుతో ఒక్కో సర్క్యూట్‌గా చూసి, ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగా ఓమ్ ఉందని తేల్చాకే మెయిన్ వేయాలి. ఫ్రిజ్, టీవీ వంటివాటి ప్లగ్గులు అప్పటిదాకా పీకే ఉంచి, సరఫరా నిలకడగా ఉందని చూసుకున్నాక ఒక్కొక్కటిగా పెట్టుకోవచ్చు.