ఆ పట్టా ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం.

నేను వీడియో గేమ్‌లు తయారుచేసే మనిషిని కాను, ఆడే మనిషిని. అందుకని ఇవాళ ఇండీ గేమ్‌ల గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే: ఏ గేమ్ ఆడుతున్నప్పుడు నాకు ఏమనిపించింది, ఏది పూర్తిచేశాను, ఏది మధ్యలో వదిలేశాను, ఎందుకు వదిలేశాను. నచ్చినవాటిని పొగిడేసి, నచ్చనివాటి దగ్గర మొహమాటపడితే మీకు ఉపయోగం ఉండదు. కథల్లోని ముఖ్యమైన మలుపులు కొన్ని బయటపెట్టేస్తాను, ముందే చెబుతున్నాను. ఒక్క గేమ్ విషయంలో మాత్రం చెప్పను. అది చివర్లో వస్తుంది.

ఇండీ అంటే ఇండిపెండెంట్. పెద్ద కంపెనీ పెత్తనం లేకుండా ఒక్కరో, ముగ్గురో, ఓ చిన్న టీమో తమకు నచ్చినట్టు చేసుకున్న ఆట. ఎంతమంది దాటితే ఇండీ కాదు, ఎంత డబ్బు పెడితే కాదు అని వాదించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వాదన నాకు ఎప్పుడూ అంత ముఖ్యమనిపించలేదు.

ముందు మిమ్మల్ని ఒక ఇంట్లోకి తీసుకెళ్తాను. అన్‌ప్యాకింగ్ అనే గేమ్, 2021లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని విచ్ బీమ్ అనే చిన్న స్టూడియో చేసింది. ఇందులో మీ పని ఇల్లు మారాక సామాన్లు సర్దడం. అంతే. అట్టపెట్టె తెరుస్తారు, ఒక్కో వస్తువు బయటికి తీస్తారు, ఎక్కడో ఒకచోట పెడతారు. ఆ వస్తువులు ఎవరివో ఆ అమ్మాయి ఒక్కసారి కూడా తెర మీద కనిపించదు. 1997లో చిన్నపిల్లగా ఉన్నప్పటి గదితో మొదలై 2018 దాకా ఎనిమిదిసార్లు సామాన్లు సర్దుతాం. పుస్తకాన్ని చెక్క మీద పెడితే ఒక చప్పుడు, గుడ్డ మీద పెడితే ఇంకో చప్పుడు. ఆ చప్పుళ్ల కోసమే 14 వేలకు పైగా ఆడియో ఫైళ్లు తయారుచేశారు.

2010లో ఆ అమ్మాయి బాయ్‌ఫ్రెండ్ ఫ్లాట్‌కి మారుతుంది. నేను పెట్టెలు విప్పడం మొదలుపెట్టాను. అల్మారా తెరిస్తే అతని బట్టలు. వంటగట్టు నిండా అతని సామాన్లు. అతనివి కాస్త పక్కకి జరిపి, ఉన్న సందులోనే ఈమెవి ఇరికించాను. అప్పుడు ఒక పెట్టెలోంచి ఫ్రేము కట్టించిన డిగ్రీ పట్టా వచ్చింది. సహజంగానే గోడకి తగిలించాలని చూశాను. గోడల మీద అతని పోస్టర్లు ఉన్నాయి, చోటు లేదు. బల్ల మీద నిలబెట్టాను. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాక, తప్పు చోట ఉన్న వస్తువు చుట్టూ ఈ గేమ్ ఎర్ర గీత చూపిస్తుంది. పట్టా చుట్టూ ఎర్ర గీత. షెల్ఫు మీదికి మార్చాను, ఎర్ర గీత. స్నానాలగదిలో కూడా పెట్టి చూశాను. చివరికి మంచం కిందికి తోశాను. గీత పోయింది.

చాలాసేపు మౌస్ కదపలేదు. ఆ ఇంట్లో ఆమెకి చోటు లేదని ఎవరూ నాకు చెప్పలేదు. ఒక్క మాట లేదు, ఒక్క మనిషి బొమ్మ లేదు. ఆ పట్టాని మంచం కింద పెట్టింది నేను. 2012లో ఆమె తిరిగి పుట్టింటికి వచ్చేస్తుంది. అప్పుడు ఇద్దరూ కలిసి దిగిన ఫోటో పెట్టెలోంచి వస్తుంది. దాన్ని కళ్లెదురుగా పెడితే గేమ్ ఒప్పుకోదు, ఎక్కడో కనిపించకుండా దాచాలి. విడిపోయిన సంగతి నా చేతికి ముందు తెలిసింది, బుర్రకి తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి ఏ గేమ్ ఆడినా నేను చూసేది ఇదే. ఇది నా చేత ఏం చేయించింది? గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, కథ ఎంత పెద్దది అన్నవి ఆ తర్వాతే.

అలా చూస్తే, లూకస్ పోప్ ఒక్కడే చేసిన పేపర్స్, ప్లీజ్ నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2013లో వచ్చింది. అర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశం సరిహద్దులో మీరు ఇమిగ్రేషన్ ఇన్‌స్పెక్టరు. పాస్‌పోర్టు, పర్మిట్ తీసుకోవడం, పేర్లు, తేదీలు, ముద్రలు సరిచూడటం, ఆకుపచ్చ స్టాంపో ఎర్ర స్టాంపో కొట్టడం. ఒక్కొక్కరికి 5 క్రెడిట్లు. సాయంత్రం ఆ డబ్బుతో ఇంటి అద్దె, తిండి, చలికాచుకోవడానికి వెచ్చదనం, ఎవరికైనా జబ్బు చేస్తే మందు, అన్నీ సరిపెట్టుకోవాలి. తప్పుచేస్తే పక్కనున్న మిషన్ గర్రుమంటూ గులాబీరంగు చీటీ వదులుతుంది. రోజుకి మొదటి రెండు తప్పులకి హెచ్చరిక, మూడోదాని నుంచి జీతంలో కోత.

ఒకరోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. వెళ్తూ వెళ్తూ, నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అంటాడు. ఆమెకి ఎంట్రీ పర్మిట్ లేదు. మొదటిసారి ఆడినప్పుడు నేను ఎర్ర స్టాంపు కొట్టాను. మనసు రాయి చేసుకుని కొట్టాననుకుంటారేమో. కాదు. ఆ రోజు అప్పటికే రెండు తప్పులు చేసేశాను, ఇంట్లో కొడుక్కి ఒంట్లో బాగాలేదు, క్యూ పెరిగిపోతోంది, టైమ్ అయిపోతోంది. ఆమె ముఖం సరిగ్గా చూడనే లేదు. ఆ టెన్షన్‌లో ఆమె నాకు మనిషి కాదు, పర్మిట్ లేని పాస్‌పోర్టు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, ఆమె మొగుడు అవతలి గట్టున ఎదురుచూస్తూ ఉంటాడని. మంచివాళ్లు కూడా అలాంటి కుర్చీలో కూర్చుని ఎలా మారిపోతారో ఎవరైనా నాకు గంటసేపు వివరించినా ఇంతగా ఎక్కేది కాదు.

లోపమూ చెప్పాలి. రెండోసారి ఆడితే ఈ గేమ్ సగానికి సగం తేలిపోతుంది. ఎవరు ఎప్పుడొస్తారో తెలిసిపోయాక ఆ క్యూలో భయం ఉండదు.

అదే లూకస్ పోప్ 2018లో రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ చేశాడు. ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మాయమై, 1807లో మనిషన్నవాడు లేకుండా ఒడ్డుకి చేరుతుంది. మీరు బీమా తరఫున వచ్చిన పరిశీలకులు. శవం దగ్గర ఒక గడియారం తెరిస్తే ఆ మనిషి చనిపోయిన క్షణం కళ్లముందు గడ్డకట్టి నిలబడుతుంది. మొత్తం 60 మంది. ప్రతి ఒక్కరి పేరూ, ఏమయ్యారో అదీ పుస్తకంలో రాయాలి. మూడు సరిగ్గా రాస్తే గానీ గేమ్ అవునని ఒప్పుకోదు. రెండే రంగుల్లో గీసిన బొమ్మలు. ఉయ్యాలపడక మీది నంబరు, కాలికున్న జోళ్లు, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు అన్నదాన్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవాలి. ఆడుతుంటే పక్కన నోట్‌బుక్ పెట్టుకుని పేజీలకి పేజీలు రాశాను. ఒక గేమ్ నా తెలివిని ఇంత నమ్మడం అదే మొదటిసారి. కాకపోతే చివరి పదిమందిని ఊహ మీద, పేర్లు మార్చి మార్చి పెట్టి దాటేశాను. నలుగురు చైనా నావికుల్ని అలాగే తేల్చాను. దానికి ఆధారం కళ్లముందే ఉందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

సెలెస్ట్ గురించి అడుగుతారని తెలుసు. 2018లో వచ్చిన గేమ్, మ్యాడెలిన్ అనే అమ్మాయి కొండెక్కే కథ. కష్టమైన గేమ్ అని పేరు. కష్టమే. ఒక్కో గదిలో యాభై, అరవైసార్లు చచ్చాను. అయినా కోపం రాలేదు, అదెందుకో అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా కొన్ని ఫ్రేముల పాటు, అంటే సెకనులో ఓ చిన్న ముక్క పాటు, దూకడానికి ఈ గేమ్ అవకాశం ఇస్తుంది. మూలకి కాస్త తగిలితే పైకి జరిపి పంపిస్తుంది. మనకి తెలియకుండా మన పక్షాన ఉంటుంది. చస్తే మళ్లీ అదే గది, రెప్పపాటులో.

ఒకచోట కేబుల్ కారు మధ్యలో ఆగిపోతుంది, మ్యాడెలిన్‌కి ఊపిరి ఆడదు. పక్కనున్న థియో, ఒక ఈకను ఊహించుకో, నీ ఊపిరితో దాన్ని గాల్లో నిలబెట్టు అంటాడు. తెర మీద ఈక వస్తుంది. బటన్ నొక్కితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. నొక్కడం, వదలడం. కాసేపటికి నేనూ ఆ లయలోనే ఊపిరి తీసుకుంటున్నానని గమనించాను. గుండెదడ ఎరిగిన మనిషిని కాబట్టి చెబుతున్నాను, ఆ సీన్ రాసినవాళ్లకి దాని సంగతి తెలుసు.

ఇందులో అసిస్ట్ మోడ్ అని ఉంది. వేగం తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా చేసుకోవచ్చు. అది వాడితే ఆడినట్టు కాదనే మాట నేను ఒప్పుకోను. ఏడో అధ్యాయంలో నా వేళ్లు ఇక మొరాయించినప్పుడు వేగం తగ్గించుకునే పైకెళ్లాను. శిఖరం మీద నాకు కలిగిన సంతోషం అందరిదీ ఎంతో అంతే.

ఇక నాకు సగమే నచ్చినవి. హాలో నైట్, 2017, టీమ్ చెర్రీ అనే ముగ్గురి స్టూడియో చేసింది. చీకటి సొరంగాల్లో దారితప్పి తిరుగుతుంటే ఎక్కడో సన్నగా కూనిరాగం వినిపిస్తుంది, నేల మీద కాగితాలు కనిపిస్తాయి. ఆ కాగితాల వెంట వెళ్తే మ్యాపులు గీసే కార్నిఫర్ కూర్చుని ఉంటాడు. ఆ కూనిరాగం చెవిన పడితే ప్రాణం లేచివచ్చేది. ఇంత అందమైన లోకంలో ఓడిపోయిన ప్రతిసారీ ఒకే దారిన మళ్లీ అంతదూరం నడిచి బాస్ దగ్గరికి, అంటే ఓడించాల్సిన పెద్ద శత్రువు దగ్గరికి, చేరడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ నడకలో నేర్చుకునేది ఏమీ లేదు. ఓపిక నశించి చివరి మూడోవంతు ఆడకుండానే ఆపేశాను.

స్టార్‌డ్యూ వ్యాలీ, పల్లెటూళ్లో పొలం చూసుకునే గేమ్, 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ నాలుగున్నరేళ్లు కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఒక్కడే చేశాడు. ఆ శ్రద్ధకి దణ్ణం పెట్టాలి. మొదటి వసంతం నాకు పండగే. రెండో ఏడాదికి ఏ రోజు ఎవరి పుట్టినరోజు, ఏ విత్తనానికి ఎంత లాభం అని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఆఫీసు పని నుంచి పారిపోయి వచ్చి ఇక్కడా అదే చేస్తున్నాను. ఇది గేమ్ తప్పు అనను. కానీ అలా ఆడేవాళ్లకి పగ్గం వేసేదేదీ అందులో లేదు.

బలాట్రో, 2024. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఒకరు చేసిన పేకాట. పాయింట్లు లక్ష్యం దాటితే అంకెలకి మంటలు అంటుకుంటాయి, ఒళ్లు జలదరిస్తుంది. తయారీలో వంక పెట్టడానికి లేదు. ఒక్క ఆట అని కూర్చుంటే తెల్లారిపోయిన రోజులు మూడు. మూడోరోజు తీసేశాను, తీసేసినందుకు పశ్చాత్తాపం లేదు.

అసలు నచ్చనివాటి పేర్లు చెప్పను. ఒక రకం మాత్రం చెబుతాను. ఎవరో చనిపోయి ఉంటారు, పియానో మోగుతుంటుంది, మనం నెమ్మదిగా నడుస్తుంటాం, గోడల మీద బాధాకరమైన వాక్యాలు. నా చేతికి పని ఉండదు. నన్ను ఏడవమంటారు గానీ ఏమీ చేయనివ్వరు. దుఃఖం పెద్ద విషయం, దాన్ని అలా వాడితే నాకు కోపం వస్తుంది. ఇంకోటి, ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన ఒక గేమ్‌ని నమ్మి కొన్నాను. రెండేళ్లు చూశాను. అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆపేశామన్న మాట కూడా రాలేదు. చేసేవాళ్లకి ఏ కష్టం వచ్చిందో. ఒక్క వాక్యం రాసి ఉంటే క్షమించేవాణ్ణే.

చివరగా అవుటర్ వైల్డ్స్. 2019. అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి థీసిస్‌గా మొదలైంది. చిన్న సౌరకుటుంబం, ఒక చెక్క అంతరిక్ష నౌక, 22 నిమిషాల గడువు. గడువు తీరాక ఏమవుతుందో, ఎందుకవుతుందో చెప్పను. ఆయుధాలు లేవు, శక్తులు పెరగవు. మొదటి నిమిషంలో మీ చేతిలో ఉన్నవే ఆఖరి నిమిషంలోనూ ఉంటాయి. మారేది మీకు తెలిసింది ఒక్కటే.

అందుకే నేను చేసిన తప్పు ఇంకా గుచ్చుకుంటోంది. ఒకచోట నాలుగు రోజులు ఇరుక్కుపోయి, విసుగొచ్చి ఇంటర్నెట్‌లో జవాబు చూసేశాను. మిగతా గేమ్‌లైతే మొదటి నుంచి మళ్లీ ఆడుకోవచ్చు. ఇందులో తెలుసుకోవడమే ఆట. తెలిసినదాన్ని తెలియనట్టు చేసుకోలేం. ఆ తలుపు నా అంతట నేను తెరిచే సంతోషం నాకిక ఎప్పటికీ రాదు. దయచేసి మీరు అలా చేయకండి. ఇరుక్కుంటే వేరే గ్రహానికి వెళ్లండి.

అందులో సిగ్నల్‌స్కోప్ అనే పరికరం ఉంటుంది. దాన్ని ఆకాశంలోకి తిప్పితే ఒక గ్రహం నుంచి బాంజో, ఇంకోదాన్నుంచి వేణువు, మరోచోటి నుంచి డ్రమ్ములు వినిపిస్తాయి. వేర్వేరు గ్రహాల మీద ఒంటరిగా కూర్చున్న యాత్రికులు వాయిస్తున్నారు. దూరంగా ఎగిరి వెళ్లి, వెనక్కి తిరిగి, అన్ని గ్రహాలూ ఒకే వైపు వచ్చేలా నిలబడి పరికరాన్ని అటు తిప్పాను. అన్నీ కలిసి ఒకే పాట. ఆ పాట వింటూ గడువు తీరేదాకా అలాగే ఉండిపోయాను. ఆ 22 నిమిషాల్లో నేను కనిపెట్టింది ఏమీ లేదు.

వెనక బల్ల మీద లాప్‌టాప్ పెట్టాను. అన్‌ప్యాకింగ్‌లో 1997 గది తెరిచి ఉంది. చిన్నపిల్ల గది, పెట్టెలు ఇంకా విప్పలేదు. రండి, ఒక్కొక్కరు ఒక్కో పెట్టె సర్దండి. ఏది ఎక్కడ పెట్టాలో నేను చెప్పను.