ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్: కప్పు మీద చీలిక, గోడలో నీరు

వ్యాఖ్యాత: నమస్కారం. టెక్సాస్‌లో ఉంటూ 11 ఏళ్లుగా సొంత ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్‌ను, అంటే ట్రక్కుతో లాగే ఇల్లులాంటి బండిని వాడుతూ, దాని మరమ్మతులు చాలావరకు తామే చేసుకుంటున్న అన్నగారు ఈరోజు మనతో ఉన్నారు. అన్నగారూ, ఈ ట్రెయిలర్ మిగతావాటికంటే ఎందులో వేరు?

అతిథి: నమస్కారమండీ. మామూలు ట్రెయిలర్‌ను బండి వెనక బంపరు దగ్గర తగిలిస్తారు. దీన్ని మాత్రం పికప్ ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసుకు ఇంచుమించు పైన బిగించిన హిచ్ అనే జోడింపు పరికరానికి తగిలిస్తారు. అందువల్ల రోడ్డు మీద నిలకడ బాగుంటుంది కానీ, ట్రెయిలర్ బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ట్రక్కు మీదే పడుతుంది. 12,000 పౌండ్ల ట్రెయిలర్ అయితే అది 2,400 నుంచి 3,000 పౌండ్లు. ట్రక్కు తలుపు దగ్గరి స్టిక్కరు మీద పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు ఎంత రాసి ఉందో చూడకుండా ఎవరూ ట్రెయిలర్ కొనకూడదు.

వ్యాఖ్యాత: మీరు మొదట చేసిన పెద్ద మరమ్మతు ఏది?

అతిథి: నీటి కారుడు. కొన్న మూడో ఏట, పడకగదిలో మంచం తలవైపు మూలన అరచేయంత మరక కనిపించింది. వేలితో నొక్కితే గోడ నానిన అప్పడంలా లోపలికి దిగిపోయింది. అమ్మినవారి వర్క్‌షాపుకు తీసుకువెళితే ఏడు వారాలు వాకిట్లో నిలబెట్టుకుని, ఏసీ చుట్టూ సందులు మూసే సీలెంట్ కాస్త పూసి పంపించారు. తరువాతి వానకే మరక ఇంకా పెద్దదైంది. ఇక లాభం లేదని, మా ఆవిడ గొట్టంతో ముందువైపు కింద నుంచి పైకి, ఒక్కో చోట పది నిమిషాల చొప్పున నీళ్లు పోస్తుంటే, నేను లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. చివరకు ట్రెయిలర్ నుదుటి మీద వరుసగా ఉండే చిన్న పసుపు దీపాల్లో ఒకదాని కింద రబ్బరు ఎండి చీలిందని తేలింది. స్క్రూ రంధ్రంలోంచి దిగిన నీరు చెక్క చట్రం వెంట మూడడుగులు నడిచి ఆ మూలన బయటపడింది. మరక ఉన్నచోట వెతికితే కారుడు దొరకదని నాకు ఆరోజే అర్థమైంది.

వ్యాఖ్యాత: చిన్న చీలికకు గోడ అంత త్వరగా ఎందుకు పాడవుతుంది?

అతిథి: చాలా ట్రెయిలర్లలో గోడ అంటే ఫైబర్‌గ్లాసు రేకు, పలుచని ప్లైవుడ్, ఫోమ్ కలిపి జిగురుతో అతికించిన పొరలే. నీరు తగిలితే జిగురు విడిపోయి, బయటి రేకు బుడగలా ఉబ్బుతుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. అంతదాకా వచ్చాక బాగుచేయడం చాలా ఖర్చుతో కూడిన పని. మన ఊళ్లలో తొలకరికి ముందే పెంకులు సర్దించుకున్నట్టు, మూడు నెలలకోసారి కప్పు ఎక్కి ఏసీ, గాలి గొట్టాలు, నిచ్చెన కాళ్లు, అంచు పట్టీలు, వీటి చుట్టూ ఉన్న సీలెంట్‌ను చేత్తో తడిమి చూడాలి. చదునుగా ఉన్నచోట తనంతట తాను పరుచుకునే ల్యాప్ సీలెంట్, నిలువుగా ఉన్నచోట జారని రకం వాడాలి. సిలికాన్ మాత్రం దయచేసి కప్పు మీద పూయకండి. ఒకసారి పూశాక దాని మీద మరే సీలెంటూ సరిగా అంటదు.

వ్యాఖ్యాత: చక్రాల సంగతి చెప్పండి.

అతిథి: ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు కూరాలి. పాత గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే లోపలికి నీరు వెళ్లిందని, బేరింగు ఉక్కు నీలం రంగుకు తిరిగి ఉంటే అది బాగా వేడెక్కిందని గ్రహించి మార్చేయాలి. చక్రం తిరిగి బిగించాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్ల బిగింపును కొలిచే టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. టైరు అరగలేదని ధీమాగా ఉండకూడదు, ఎండలో నిలబడే రబ్బరు లోపలినుంచే ముసలిదవుతుంది. టైరు మీద DOT అనే ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర 3221 అని ఉంటే అది 2021లో 32వ వారంలో తయారైందని అర్థం. నేనైతే ఐదేళ్లు దాటాక నమ్మను.

వ్యాఖ్యాత: చలికాలం జాగ్రత్తలు?

అతిథి: నీళ్లు పూర్తిగా తీసేసి, వాటర్ హీటరులోకి ఏదీ వెళ్లకుండా దారి మళ్లించి (బైపాస్ చేసి), పైపుల్లోకి ఇలాంటి ఇంటి బండ్ల కోసం చేసిన, చలికి గడ్డకట్టని గులాబీరంగు ద్రవం, ఆర్‌వీ యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. బైపాస్ చేయకపోతే ఆ ద్రవమంతా హీటరు తొట్టి నింపడానికే సరిపోతుంది. టెక్సాస్‌లో అంత చలి ఎక్కడిదని అనుకునేవారికి 2021 ఫిబ్రవరి గడ్డకట్టుడు గుర్తుండే ఉంటుంది.

వ్యాఖ్యాత: పాత ట్రెయిలర్ కొనేవారు ఏం చూడాలి?

అతిథి: పొద్దువాలే వేళ వెళ్లండి. ఏటవాలు ఎండలో గోడ పక్కనే నిలబడి పొడవునా చూస్తే, మధ్యాహ్నం కనపడని ఉబ్బు కనపడుతుంది. తరువాత లోపలికి వెళ్లి, బయటికి జరిగే గదుల మూలల్లో నేలను మడమతో నొక్కి చూడండి. మంచం తలవైపు అల్మారా తెరిచి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే, ఎంత తక్కువ ధర చెప్పినా తిరిగి వచ్చేయండి.