పులి పెరిగితే ఏం మారుతుంది: బల్లమీది ఆటలో మాన్‌స్టర్లను పెంచే నియమాలు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటలో, పుస్తకంలో అచ్చయి ఉన్న ఒక మాన్‌స్టర్‌ను అంతకంటే బలమైనదిగా ఎలా పెంచాలన్నది ఆ విషయం. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ తెలుగు, ఒడియా కలగలిపి ఈ ఆట ఆడే బల్లల దగ్గర నన్ను తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే. పాత్రలు మూడో స్థాయిలో ఉన్నప్పుడు గుండెలదరగొట్టిన పులి, అవే పాత్రలు ఏడో స్థాయికి చేరేసరికి రెండు రౌండ్లలో చచ్చిపోతుంది. కథ మాత్రం ఇంకా మహేంద్రగిరి అడవుల్లోనే నడుస్తూ ఉంటుంది. అక్కడికి ఎక్కడిదో మంచుకొండల డ్రాగన్‌ను దింపితే కథ చెడుతుంది. కనుక ఆ పులినే పెంచుకోవాలి.

ఆట కొత్తగా చూస్తున్నవారి కోసం క్లుప్తంగా చెబుతాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ఈ ఆటలో ఒకరు కథను నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు, ఫలితం అనుమానంగా ఉన్నచోట 20 ముఖాల పాచిక వేస్తారు. కథ నడిపేవారే మాన్‌స్టర్లను కూడా నడుపుతారు. మాన్‌స్టర్లను పెంచే పద్ధతిని అన్నిటికంటే వివరంగా రాసినది 2000లో వచ్చి, 2003లో సవరణ పొందిన మూడో ఎడిషన్. ఆ నియమాల పాఠాన్ని బహిరంగ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశారు కాబట్టి, నేను చెప్పే లెక్కలను మీరు ఇంటికి వెళ్లి సరిచూసుకోవచ్చు.

ఆ ఎడిషన్ మూడు దారులు చూపిస్తుంది. మాన్‌స్టర్ సొంత హిట్ డైస్‌ను, అంటే దాని ప్రాణశక్తిని తేల్చే పాచికల సంఖ్యను పెంచడం ఒకటి, ఫైటర్ (యోధుడు), క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి) వంటి క్లాసుల్లో, అంటే వృత్తుల్లో దానికి స్థాయిలు ఇవ్వడం రెండోది, దాని మీద ఒక టెంప్లేట్‌ను, అంటే ముందే తయారుగా ఉన్న మార్పుల మూటను కప్పడం మూడోది. ఏ దారిన వెళ్లినా చివరికి చాలెంజ్ రేటింగ్ అనే ఒక అంకె తేలుతుంది. ఆ అంకెకు సమానమైన స్థాయిలో ఉన్న నలుగురి బృందం, ఆ మాన్‌స్టర్‌తో తలపడితే తన శక్తిసామగ్రిలో సుమారు ఐదో వంతు ఖర్చు చేస్తుందని దాని అర్థం. అంటే అది ఒక అంచనా మాత్రమే. మనవాళ్లు చాలామంది దాన్ని తాసీల్దారు ముద్రలాగా నమ్ముతున్నారు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది, దాన్ని లెక్కలతోనే చూపిస్తాను.

మన పులినే తీసుకుందాం. పుస్తకంలోని పులికి 6 హిట్ డైస్, సగటున 45 హిట్ పాయింట్లు (అది తట్టుకోగల దెబ్బల మొత్తం), ఆర్మర్ క్లాస్ (దానికి దెబ్బ తగలాలంటే పాచికతో చేరవలసిన అంకె) 14, పంజా దెబ్బకు పాచికపై కలిపేది +9, చాలెంజ్ రేటింగ్ 4. దాని వివరాల చివర ఒక చిన్న వరుస ఉంటుంది: 7 నుంచి 12 హిట్ డైస్ దాకా అది లార్జ్ (పెద్ద) పరిమాణంలోనే ఉంటుంది, 13 నుంచి 18 దాకా హ్యూజ్ (భారీ) అవుతుంది. చాలామంది చదవకుండా దాటేసే వరుస ఇది. నల్ల ఎలుగుబంటికైతే అదే వరుస 4, 5 హిట్ డైస్ దగ్గర ఆగిపోతుంది, పరిమాణం మారదు. ఏ జంతువు ఎంతవరకు పెరిగితే ఇంకా ఆ జంతువుగానే ఉంటుందో రాసినవారు అక్కడ గీత గీశారన్నమాట.

ఇప్పుడు పులిని లార్జ్ పరిమాణానికి ఆఖరు అంచు అయిన 12 హిట్ డైస్ దాకా పెంచుదాం. ప్రతి నాలుగు హిట్ డైస్‌కూ ఒక సామర్థ్యంలో ఒక పాయింటు కలుస్తుంది కాబట్టి, 8 దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి స్ట్రెంగ్త్‌కే (బలానికే) ఇస్తే 23 కాస్తా 25 అవుతుంది. హిట్ పాయింట్లు సగటున 90కి చేరుతాయి. పంజా దెబ్బ +15 అవుతుంది, ఆర్మర్ క్లాస్ మాత్రం 14 దగ్గరే ఉండిపోతుంది. జంతువులకు కలిపిన ప్రతి మూడు హిట్ డైస్‌కూ రేటింగ్ ఒకటి పెరుగుతుంది కనుక, ఆరు కలిపిన ఈ పులి రేటింగ్ 6. ఇది పాత పులే. కాస్త మొండిది, కాస్త గట్టిగా కొడుతుంది, తన్నులు తిని ఎక్కువసేపు నిలబడుతుంది, అంతకు మించి కొత్తదనం లేదు.

దానికి ఇంకొక్క హిట్ డై కలపండి. పదమూడోది రాగానే పులి హ్యూజ్ అవుతుంది. పరిమాణం మారినందుకు స్ట్రెంగ్త్ 8, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 4 పెరుగుతాయి, డెక్స్టెరిటీ (చురుకుదనం) 2 తగ్గుతుంది, చర్మం గట్టిపడి సహజ కవచానికి 3 కలుస్తుంది, పెద్ద ఒళ్లు కాబట్టి దెబ్బకూ ఆర్మర్ క్లాస్‌కూ ఒక్కొక్కటి కోత పడుతుంది. అన్నీ కూడి తీసివేస్తే హిట్ పాయింట్లు 90 నుంచి 123కు, పంజా దెబ్బ +18కి వెళ్తాయి. ఆర్మర్ క్లాస్ 15 అవుతుంది, అంటే మొదటి పులి కంటే ఒక్కటే ఎక్కువ. కలిపిన ఏడు హిట్ డైస్‌కు రెండు, పరిమాణానికి ఒకటి చొప్పున రేటింగ్ 7. కాగితం మీద ఇదంతా సాఫీగానే కనిపిస్తుంది.

సాఫీగా లేనిది పట్టు దగ్గర బయటపడుతుంది. పులి పంజా గానీ కోర గానీ తగిలించిన వెంటనే ఉచితంగా గ్రాపుల్‌కు, అంటే పట్టుకు ప్రయత్నించవచ్చు. పట్టు దొరికితే వెనక కాళ్లతో చీల్చుతుంది. పుస్తకంలోని పులికి పట్టు విలువ +14. 12 హిట్ డైస్ పులికి +20. 13 హిట్ డైస్ పులికి +28. పన్నెండు నుంచి పదమూడుకు మామూలు దాడి నైపుణ్యం ఒక్కటి కూడా పెరగలేదు. ఆ ఎనిమిదీ కొత్త బలం నుంచి, కొత్త ఒంటి నుంచి వచ్చినవే. స్ట్రెంగ్త్ 18 ఉన్న ఏడో స్థాయి ఫైటర్‌కు పట్టు విలువ +11. ఇద్దరి పాచికలూ కలిసి 400 విధాలుగా పడగలవు. సమానమైతే ఎక్కువ విలువ ఉన్నవారిదే గెలుపు అనే నియమంతో లెక్కిస్తే, 12 హిట్ డైస్ పులి పట్టును ఆ ఫైటర్ 55 సందర్భాల్లో విడిపించుకోగలడు, 13 హిట్ డైస్ పులి చేతిలో పడితే 3 సందర్భాల్లో మాత్రమే. రేటింగ్ ఒక్క మెట్టు ఎక్కింది, బతికే దారి ఇంచుమించు మూసుకుపోయింది. పాచిక వేయమని ఆటగాడి చేతికిచ్చి, అది పడినా పడకపోయినా ఒకటేనన్న స్థితికి తేవడం ఆట నడపడం కాదని నా అభిప్రాయం.

ఇది జంతువులకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. రేటింగ్ పట్టికలో అన్‌డెడ్ (చచ్చినా తిరిగేవి), జెయింట్ (మహాకాయులు), కన్‌స్ట్రక్ట్ (మంత్రంతో కదిలే బొమ్మలు) వంటి రకాలకు నాలుగు హిట్ డైస్‌కు ఒకటి, జంతువులకు మూడుకు ఒకటి, డ్రాగన్లకు రెండుకే ఒకటి చొప్పున పెంపు ఉంది. కారణం సమంజసమైనదే. డ్రాగన్‌కు ప్రతి హిట్ డైతోపాటు పూర్తి దాడి నైపుణ్యం, మూడు సేవింగ్ త్రోలలోనూ (ఆపదను తప్పించుకోవడానికి వేసే పాచికలలోనూ) మంచి పెరుగుదల దొరుకుతాయి. అన్‌డెడ్‌కు 12 ముఖాల హిట్ డై ఉన్నా కాన్‌స్టిట్యూషన్ అసలే ఉండదు, దాడి నైపుణ్యం సగమే. అయితే విషం, చూపుతో శిలగా మార్చడం వంటి ప్రత్యేక శక్తులను తప్పించుకోవడానికి ఆటగాడు చేరవలసిన అంకె సాధారణంగా 10కి సగం హిట్ డైస్‌నూ, సంబంధిత సామర్థ్యపు విలువనూ కలిపితే వస్తుంది. అందువల్ల నాగుపాముకు హిట్ పాయింట్లు పెంచుదామని నాలుగు హిట్ డైస్ కలిపినవారు, తెలియకుండానే దాని విషాన్ని రెండు మెట్లు పదును పెడుతున్నారు. ఏది పెంచాలనుకున్నామో దానితోపాటు ఇంకేమేమి పెరుగుతున్నాయో చూసుకోకపోతే ఇలాగే జరుగుతుంది.

క్లాసు స్థాయిల దగ్గర వాదన ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఓగర్ అనే మొరటు రాక్షసుణ్ణి చూడండి: 4 హిట్ డైస్, రేటింగ్ 3, పెద్ద దుడ్డుకర్ర, తక్కువ బుద్ధి. దానికి నాలుగు బార్బేరియన్ (ఆటవిక యోధుడు) స్థాయిలు ఇస్తే, అవి దాని సహజ స్వభావానికి అతికే స్థాయిలు కాబట్టి ఒక్కొక్కటీ పూర్తిగా లెక్కకు వచ్చి రేటింగ్ 7 అవుతుంది. అదే ఓగర్‌కు నాలుగు విజర్డ్ (తెలివితో మంత్రాలు వేసేవాడు) స్థాయిలు ఇస్తే, అవి అతకనివి కనుక దాని అసలు హిట్ డైస్ సంఖ్యకు చేరేదాకా రెండింటికి ఒకటి చొప్పునే పెరిగి రేటింగ్ 5 దగ్గర ఆగుతుంది. విజర్డ్ విషయంలో ఇది న్యాయమే, ఎందుకంటే జాతి లోపం వల్ల నాలుగు తగ్గిన తెలివితో ఆ ఓగర్ మంత్రాల్లో పెద్దగా రాణించలేదు. కానీ అదే మినహాయింపు క్లెరిక్ స్థాయిలకు కూడా వర్తిస్తుంది. క్లెరిక్ మంత్రాలకు ఆధారమైన వివేకానికి ఓగర్‌లో జాతి లోపమేమీ లేదు. నాలుగో స్థాయి క్లెరిక్ అయిన ఓగర్ తన బలాన్ని తానే మంత్రంతో మరో నాలుగు పెంచుకుని, మనిషిని కదలకుండా నిలబెట్టే మంత్రం ఎదుటివాడిపై వేసి, ఆ తరువాత అదే దుడ్డుకర్రతో కొడుతుంది. దాని రేటింగ్ కూడా 5 అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నా బల్ల మీద దాన్ని 6గానే లెక్కిస్తాను. మంత్రం అతకలేదని పట్టిక అంటున్నా, ఆ మంత్రం చివరకు కర్రకే సేవ చేస్తోంది కదా.

టెంప్లేట్ మాటకొస్తే, అది బరంపురం ఠాకురాణి యాత్రలో కట్టే పులి వేషం వంటిది. లోపలి మనిషి అతడే, ఒంటి మీదికి మరో స్వభావం దిగుతుంది. లెక్కలు తక్కువ, ఫలితం ఎక్కువ కాబట్టి మూడింటిలో నాకు బాగా నచ్చినది ఇదే. ముఖ్యంగా ఘోస్ట్ టెంప్లేట్. అది తగిలిస్తే రేటింగ్ రెండు పెరుగుతుంది, ఒంటికి స్థూలత్వం పోతుంది. అసలు విశేషం దాన్ని చంపిన తరువాత మొదలవుతుంది. నాశనమైన ఘోస్ట్ 20 ముఖాల పాచికకు తన హిట్ డైస్ కలిపి 16 చేరితే, కొద్ది రోజుల్లో తన పాత తావుకే తిరిగి వస్తుంది. దాన్ని పూర్తిగా పంపించాలంటే అది ఎందుకు తిరుగుతోందో కనిపెట్టి, దాని శాంతికి అడ్డమైనదాన్ని చక్కదిద్దాలని నియమమే చెబుతోంది. దయ్యం కోరిక తీరితేనే వదులుతుందని అమ్మమ్మల దగ్గర విన్న మన ప్రాంతపు ఆటగాళ్లకు ఈ నియమాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. కొండ దారిలో పాడుబడ్డ ఠాణాలో కాపలాదారు ఘోస్ట్‌ను పెడితే, నాలుగో స్థాయి బృందం దాన్ని కత్తితో రెండుసార్లు ఓడించి, మూడోసారి ఊళ్లోకి వెళ్లి అతడి కుటుంబాన్ని వెతుకుతుంది. హిట్ డైస్ పెంచడం వల్ల ఇటువంటి మలుపు ఎన్నటికీ రాదు.

తరువాతి ఆటలు ఈ పనిని తేలిక చేశాయి. 2009 నాటి పాత్‌ఫైండర్‌లో ‘అడ్వాన్స్‌డ్’ అనే సాదా టెంప్లేట్ ఉంది. త్వరగా కావాలంటే అన్ని పాచికలకూ రెండు, ఆర్మర్ క్లాస్‌కు నాలుగు, హిట్ డైకి రెండేసి హిట్ పాయింట్లు కలిపి, రేటింగ్ ఒకటి పెంచితే సరిపోతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014లో పాత మెట్ల పద్ధతిని వదిలేసి, రక్షణకు ఒక రేటింగ్, దాడికి ఒక రేటింగ్ లెక్కగట్టి సగటు తీయమంది. పదిహేను నిమిషాల్లో ఆట మొదలవ్వాలంటే ఇవే మేలు. అయితే సగటు తీసే పద్ధతి కూడా పట్టు వంటి ప్రత్యేక విద్యను పూర్తిగా తూచలేదు కాబట్టి, మన పులి సమస్య అక్కడా పోదు.

అందుకే నేను పెంచిన ఏ మాన్‌స్టర్‌నైనా బల్ల మీదికి తెచ్చే ముందు, దాని ముఖ్యమైన ఆయుధాన్ని మన బృందంలో దాన్ని ఎదుర్కోవలసిన పాత్ర అంకె పక్కన పెట్టి చూస్తాను. విషమైతే ఎవరి సేవింగ్ త్రో అన్నిటికంటే తక్కువో, పట్టయితే ముందు నిలబడేది ఎవరో చూడాలి. తేడా పదికి మించితే ఒక మెట్టు వెనక్కి తగ్గించడమో, బృందానికి విరుగుడు ఇవ్వడమో చేయాలి. 13 హిట్ డైస్ పులికి విరుగుడు ఉంది: ఏ పట్టుకూ చిక్కకుండా చేసే ‘ఫ్రీడమ్ ఆఫ్ మూవ్‌మెంట్’ మంత్రం క్లెరిక్‌కు సరిగ్గా ఏడో స్థాయిలోనే అందుతుంది, అది కూడా రోజుకు ఒకటి రెండుసార్లకు మించి కాదు. పైగా క్లెరిక్ తన మంత్రాలను రోజుకొకసారి ముందే ఎంచుకుంటాడు. కాబట్టి ఆ పులి అడుగుజాడ మామూలు పులి జాడకు రెట్టింపు ఉందన్న వార్త, మందను పోగొట్టుకున్న కాపరి నోట, పోరాటానికి ముందు రాత్రే బృందం చెవిన పడేలా కథను అల్లుకోవాలి.