ఎరుపు నిలవాలంటే

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం మన విశాఖ బీచ్ రోడ్డులో నాలుగడుగులు నడిస్తే చాలు, చెర్రీ ఎరుపు, రాగి ఎరుపు, వైన్ ఎరుపు జుట్లు ఎన్నో కంటబడతాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ పార్లర్ నుంచి వచ్చిన రోజున్న నిగనిగ కొన్ని వారాలకే ఇటుక రంగులోకి దిగిపోతోందని చాలామంది బాధ. అంత డబ్బు పోసి వేయించుకున్నాక ఆ బాధ న్యాయమే.

జుట్టుకు వేసే రంగుల్లో తొందరగా వెలిసేది ఎరుపే. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి అమరి ఉంటుంది. రంగులోని అమ్మోనియా లాంటి రసాయనం ఆ పొలుసులను విప్పితేనే రంగు లోపలికి వెళ్తుంది. తల తడిసిన ప్రతిసారీ వెంట్రుక ఉబ్బి, ఆ రంగు కొంచెం కొంచెంగా బయటికొచ్చేస్తుంది. షాంపూ దాకా ఎందుకు, ఉత్త నీళ్లకే పోతుంది. తలస్నానం చేసేటప్పుడు కాళ్ల దగ్గర నీళ్లు గులాబీ రంగులో పారుతుంటాయే, అది మీ ఎరుపే.

విశాఖలో ఉక్కపోతకు రోజూ తలమీద నీళ్లు పోసుకోవాలనిపిస్తుంది. రంగు నిలవాలంటే ముందు మానుకోవాల్సింది ఆ అలవాటే. వారానికి రెండుసార్లు తలస్నానం చాలు. మిగతా రోజుల్లో జుట్టు ముడేసి, షవర్ క్యాప్ పెట్టుకోండి. చిరాకనిపిస్తే తడిగుడ్డతో పాపిడి, నుదుటి అంచు, మెడ వెనక తుడుచుకోండి. తలంటుకునే రోజు, నురుగు కోసం కలిపే సల్ఫేట్ లేని షాంపూ, చల్లటి నీళ్లు వాడండి. కుంకుడుకాయ సహజమే అయినా నురుగొచ్చేదే కదా, మురికితోపాటు రంగునూ లాగుతుంది.

ఇక నేను మనసారా చెప్పేది, వెలిసిన ఎరుపును మళ్లీ అద్దే రంగు కలిసిన కండిషనర్ గురించి. పార్లర్ రంగుల్లో కలిపే పెరాక్సైడ్ అనే రసాయనం ఇందులో ఉండదు, రంగు వెంట్రుక పైపైనే పడుతుంది. షాంపూ అయ్యాక జుట్టును బాగా పిండి, చేతులకు గ్లౌజులు వేసుకుని పాయపాయకూ పట్టించండి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి కడగండి. ముందుగా చెవి వెనక ఒక చిన్న పాయ మీద వేసి చూసుకోండి. రాగి ఎరుపు మీద చెర్రీ పడితే అసలు ఛాయే మారిపోతుంది. గాఢం ఎక్కువనిపిస్తే మామూలు తెల్ల కండిషనర్ కలపండి. పాత తువ్వాలు, ముదురు రంగు దిండు గలీబు దగ్గర పెట్టుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కుదుళ్లలో కొత్తగా వచ్చిన నల్ల జుట్టు మీద ఇది పెద్దగా కనిపించదు.

రుషికొండలో సముద్రస్నానానికైనా, ఈతకొలనుకైనా వెళ్లేముందు మంచినీళ్లతో జుట్టు తడిపి, కండిషనర్ రాసి జడ వేసుకోండి. ముందే నీళ్లు పీల్చిన వెంట్రుక ఉప్పునీటినీ, క్లోరిన్‌నీ తక్కువగా పీలుస్తుంది. ఎండ కూడా ఎరుపును తినేస్తుంది కాబట్టి బయటికి వెళ్తే తలకు చున్నీ తప్పనిసరి.

గోరింటాకు పెట్టుకుంటే ఎరుపు నారింజ వైపు మళ్లుతుంది. బ్లాక్ హెన్నా జోలికి అసలు పోవద్దు. అందులో తరచూ కలిపే పీపీడీ అనే రంగు రసాయనం వల్ల కొందరికి ముఖం వాచిపోయేంత అలర్జీ వస్తుంది. పార్లర్ రంగుల్లోనూ అది ఉండొచ్చు, అందుకే రంగు వేయించుకునే 48 గంటల ముందు చర్మం మీద పరీక్ష చేయించుకోండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మళ్లీ పార్లర్‌కు వెళ్లినప్పుడు గాఢమైన రంగు కుదుళ్లకు మాత్రమే వేయమని, చివర్లకు వద్దని ముందే చెప్పండి.