గాయపడ్డ చెట్టు పేరు పెట్టుకున్న బృందం

అందరికీ నమస్కారం.

మనం దేవుడి ముందు వెలిగించే అగరుబత్తికి ఆ పేరు ఒక చెట్టు నుంచి వచ్చింది. ఆ చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని కలపకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. కాండానికి దెబ్బ తగిలి, లోపల బూజు పట్టిన చోట నల్లటి జిగురు ఊరుతుంది. పరిమళమంతా ఆ జిగురుదే. ఈ చెట్టు శాస్త్రీయ నామంలోంచే అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన ఒక మెటల్ బృందం, అంటే కరెంటు గిటార్లతో బరువైన రాక్ సంగీతం వాయించే బృందం, తన పేరు తీసుకుంది: అగలోక్. వాళ్లు 2002లో తెచ్చిన 'ద మాంటిల్' అనే ఆల్బమ్‌ను ఈ సాయంత్రం మీకు వినిపించాలని వచ్చాను.

ఇందులో రెండు పాయలు కలుస్తాయి. మొదటిది డూమ్ మెటల్, అంటే నిదానంగా, బరువుగా నడిచే మెటల్. దాని పుట్టుకలోనూ ఒక గాయం ఉంది. 1965లో బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న పదిహేడేళ్ల గిటారు వాద్యకారుడు టోనీ అయోమీకి కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. తంత్రులు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు. బ్లాక్ సబ్బాత్ బృందంలో ఉండగా తంత్రులు వదులు చేసి శ్రుతి దించారు. ఆ దిగిన శ్రుతి, ఆ బరువైన నడకే డూమ్‌కు పునాది.

రెండోది 1990ల తొలినాళ్లలో నార్వేలో రూపుదిద్దుకున్న బ్లాక్ మెటల్. చర్చిల దహనాలు, హత్యలు దాని చరిత్రలో ఉన్నాయి, వాటిని నేను తేలిక చేయను. సంగీతం వరకు చూస్తే, అది ఊపిరి సలపనివ్వని వేగం. మరి నత్తనడకకూ ఈ పరుగుకూ పొత్తు ఎలా కుదిరింది? ఒకే తీగను ఎడతెగకుండా మీటుతూ పోతే, ఒక హద్దు దాటాక మీటులు విడివిడిగా వినబడవు. తంబూరా నాదంలా ఒకే ధార అవుతుంది. అంత వేగమూ కదలకుండా నిలబడిపోయినట్టు ఉంటుంది. డూమ్ చేరే చోటూ అదే. ఈ ఆల్బమ్ నాకు నేర్పింది ఇదే.

అగలోక్ ఆ రెంటి మధ్య మామూలు చెక్క గిటారును పెట్టింది. దాదాపు పావుగంట సాగే రెండో పాటలో కరెంటు గిటార్లు ఎంత ఉప్పొంగినా, అడుగున ఆ చెక్క గిటారు మీటు ఆగదు. బృంద గాయకుడు జాన్ హామ్ గొంతు ఒకచోట రాపిడిలా గుసగుసలాడుతుంది, మరోచోట తేటగా పాడుతుంది. డ్రమ్ములు వాయించిందీ ఆయనే.

ఆల్బమ్ అట్ట మీద కొమ్ములెత్తి నిలబడ్డ ఒక దుప్పి కనిపిస్తుంది. చూడగానే దట్టమైన అడవి అనుకుంటాం. నిజానికి అది పోర్ట్‌లాండ్ నడిబొడ్డున, వీధి మధ్యలో 1900లో నిలిపిన కంచు విగ్రహం. మంచును, అడవిని, చావును గురించిన అరవై ఎనిమిది నిమిషాల సంగీతానికి నడివీధి బొమ్మను ముఖచిత్రం చేయడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. నగరంలో ఉండేవాళ్లు అడవి కోసం పడే బెంగ ఆ బొమ్మలో ఉంది.

ముందుగా 'ద లాడ్జ్' అనే, మాటల్లేని చిన్న భాగం వేస్తున్నాను. అందులో తాళం వేసేది జింక పుర్రె మీద. దయచేసి ఫోన్లు పక్కన పెట్టి, ఆ ఎండిన ఎముక చప్పుడు వినండి.