బకెట్‌కు పంజా: చిన్న ట్రాక్టర్ లోడర్‌కు హైడ్రాలిక్ గ్రాపుల్ అమర్చడం

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్న ట్రాక్టర్‌కు ముందు లోడర్ బిగించుకున్న ప్రతివారికీ కొద్ది రోజులలోనే ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. మట్టి, ఎరువు, కంకర బకెట్‌లో చక్కగా నిలుస్తాయి గానీ కొమ్మలు, దుంగలు, వేళ్లతో సహా పెకలించిన మొద్దులు నిలవవు. బకెట్ పైకి లేస్తుండగానే పక్కకు జారిపోతాయి. బకెట్ పై అంచుకు హైడ్రాలిక్ సిలిండర్‌తో తెరుచుకుని మూసుకునే పంజాను, అంటే గ్రాపుల్‌ను అమర్చితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ట్రాక్టర్ హైడ్రాలిక్ పనులు చేసే మేస్త్రిగారు ఈ ఎపిసోడ్‌లో మనతో ఉన్నారు. మేస్త్రిగారూ, ఎలాంటి పంజాను ఎంచుకోవాలన్న ప్రశ్నతో మొదలుపెడదామా?

మేస్త్రి: ఆ ప్రశ్నను కాస్త వెనక్కు జరుపుదామమ్మా. పంజాను ఎంచుకోవడానికి ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: లోడర్ నిజంగా ఎంత బరువు ఎత్తగలదు, పంజాను కదిలించే ఆయిల్ ఏ దారిన వస్తుంది. చూడటానికి దృఢంగా ఉందని బరువైన పంజాను ముందే కొన్నవారికి, లోడర్ శక్తిలో పెద్ద వాటా ఆ ఇనుమును ఎత్తడానికే సరిపోతోందని తర్వాత తెలుస్తుంది.

వ్యాఖ్యాత: ఆ లెక్కను కొంచెం విడమరచి చెప్పండి.

మేస్త్రి: ఉదాహరణకు ఒక లోడర్ పూర్తి ఎత్తులో 400 కిలోలు ఎత్తుతుందని మాన్యువల్‌లో ఉందనుకోండి. ఆ అంకెను చాలాసార్లు బకెట్ పిన్నుల వద్ద, అంటే బకెట్‌ను లోడర్ చేతులకు కలిపే కడ్డీల వద్ద లెక్కగడతారు. సరుకు మాత్రం పిన్నుల మీద ఉండదు, వాటికి ముందు ఉంటుంది. అందుకే అనేక మాన్యువళ్లలో పిన్నుల నుంచి 500 మి.మీ. ముందుకు లెక్కగట్టిన మరో అంకె కూడా ఉంటుంది, అది మొదటిదానికంటే తక్కువ. ఆ అంకెలో బకెట్ బరువును ముందే మినహాయించారా లేదా అన్నది కూడా చదివి తెలుసుకోవాలి. మినహాయించలేదనుకుంటే, 120 కిలోల బకెట్ మీద 100 కిలోల పంజాను బిగించినప్పుడు 400లో మిగిలేది 180 మాత్రమే. పంజా 50 కిలోలదైతే 230 మిగులుతుంది. ఆ తేడా ఒక్కసారితో పోయేది కాదు, ఎత్తిన ప్రతిసారీ ఉంటుంది. కాబట్టి చిన్న ట్రాక్టర్‌కు నడి మధ్యన ఒకే ఒక తేలికపాటి పంజా ఉండటం మేలని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: రెండు పంజాలు ఉంటే ఎగుడుదిగుడు సరుకును బాగా పట్టుకుంటాయని చెబుతారు కదా?

మేస్త్రి: అది నిజమే. రెండు సిలిండర్లకూ ఒకే లైను నుంచి ఆయిల్ వెళ్లినప్పుడు, ఆయిల్ తక్కువ అడ్డంకి ఉన్నవైపు ముందు పోతుంది. ఒక పంజా సరుకును తాకి ఆగిన తర్వాత రెండోది కదిలి తన వంతు పట్టుకుంటుంది. ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా ఉండే కొమ్మల మోపుకు ఆ అమరిక ఎంతో అనుకూలం. పెద్ద ట్రాక్టర్ ఉన్నవారికి నేనూ అదే సూచిస్తాను. కానీ 1.2 నుంచి 1.5 మీటర్ల వెడల్పున్న బకెట్‌కు మధ్యనున్న ఒక్క పంజాయే సాధారణ పనులకు సరిపోతుంది.

వ్యాఖ్యాత: ఇక ఆయిల్ దారి గురించి చెప్పండి.

మేస్త్రి: అసలు విషయమంతా ఇక్కడే ఉందమ్మా. లోడర్ జాయ్‌స్టిక్ రెండు పనులే చేస్తుంది: చేతులను ఎత్తి దించడం, బకెట్‌ను వంచి తిప్పడం. పంజా మూడో పని కనుక దానికి మూడో దారి కావాలి. అన్నిటికంటే సులువైనది డైవర్టర్ వాల్వ్. దాన్ని బకెట్ వంచే లైన్ల మధ్యలో కలుపుతారు. జాయ్‌స్టిక్ మీద బటన్ నొక్కి ఉంచినంతసేపు బకెట్‌కు వెళ్లవలసిన ఆయిల్ పంజాకు మళ్లుతుంది. ఖర్చు తక్కువ, పైపుల పని కూడా తక్కువ. అయితే బకెట్‌ను వంచడం, పంజాను మూయడం ఒకేసారి కుదరవు. దుంగ కిందికి బకెట్‌ను దూర్చి వెనక్కు వంచుతూ పంజాను మూయాలనుకున్నప్పుడు ఆ లోటు బాగా తెలుస్తుంది.

రెండోది, బయటి పరికరాలకు ఆయిల్ ఇవ్వడానికి ట్రాక్టర్ వెనుక ఉన్న రిమోట్ వాల్వ్ నుంచి ముందుకు పైపులు లాగడం. వాల్వ్ ఇప్పటికే ఉన్నవారికి ఇది చవకే గానీ, లోడర్ నడుపుతూ మాటిమాటికీ వెనుక లివర్ కోసం చేయి చాపవలసి వస్తుంది. మూడోది థర్డ్ ఫంక్షన్ కిట్. ఇది విడి వాల్వ్. కరెంటుతో వాల్వ్‌ను కదిలించే 12 వోల్టుల సోలనాయిడ్లతో, జాయ్‌స్టిక్ మీది బటన్లతో పనిచేస్తుంది. పంజాను తరచుగా వాడేవారికి నేను దీన్నే సూచిస్తాను.

వ్యాఖ్యాత: ఈ కిట్‌ను ఆయిల్ లైన్‌లో ఎక్కడ కలుపుతారు?

మేస్త్రి: చిన్న ట్రాక్టర్లలో ఎక్కువగా ఓపెన్ సెంటర్ పద్ధతి ఉంటుంది. అంటే ఏ లివర్‌నూ కదపకపోయినా పంపు నుంచి ఆయిల్ వాల్వుల గుండా తిరుగుతూనే ఉంటుంది. లోడర్ వాల్వ్ నుంచి వెనుక లిఫ్టుకు ఆయిల్‌ను పంపే పవర్ బియాండ్ లైన్‌లో ఈ కిట్‌ను కలపవచ్చు. అప్పుడు లోడర్ లివర్‌ను పూర్తిగా లాగినప్పుడు ఆయిల్ ముందు లోడర్‌కే వెళుతుంది, పంజా మందగిస్తుంది. పంపుకూ లోడర్ వాల్వ్‌కూ మధ్య కలిపితే ముందు వరుస పంజాది అవుతుంది. కానీ లోడర్ వాల్వ్‌లోని రిలీఫ్ వాల్వ్, అంటే ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలే వాల్వ్, పంజాను కాపాడలేదు, కాబట్టి కిట్‌కు సొంత రిలీఫ్ వాల్వ్ తప్పక ఉండాలి. ఎక్కడ కలిపినా కిట్ నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే లైన్‌ను మూసి ఉంచకూడదు. గేర్ పంపు తిరిగినంతసేపు ఆయిల్‌ను నెడుతూనే ఉంటుంది; దారి మూసుకుపోయి, రిలీఫ్ కూడా లేకపోతే పంపు బాడీయే పగిలిపోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ముందు ప్రతి పైపునూ చేత్తో తడుముతూ, పోర్టుల మీది గుర్తులతో సరిచూసుకోమని నేను గట్టిగా కోరుతున్నాను.

వ్యాఖ్యాత: సిలిండర్ ఎంత పెద్దది కావాలి?

మేస్త్రి: చాలామంది అనుకునేదానికంటే చిన్నది చాలు. 170 బార్ ఒత్తిడి మీద 40 మి.మీ. బోర్, అంటే లోపలి వ్యాసం ఉన్న సిలిండర్ సుమారు 2,170 కిలోల బలంతో నెడుతుంది. అది పంజా పిన్నుకు 100 మి.మీ. దూరంలో నెడుతూ, పంజా కొన 600 మి.మీ. దూరంలో ఉంటే, కొన దగ్గరికి చేరేది అందులో ఆరో వంతు, అంటే 360 కిలోలు. దుంగను కదలకుండా పట్టడానికి అది చాలు. 50 మి.మీ. బోర్ వేస్తే అదే లెక్కన దాదాపు 570 కిలోలు వస్తాయి. కానీ అంత బలాన్ని తట్టుకోవలసినది బకెట్ పై అంచు రేకు కదా!

వేగం సంగతి కూడా చూడాలి. నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ వస్తే 40 మి.మీ. సిలిండర్ సెకనుకు 26 సెంటీమీటర్లు కదులుతుంది. పంజా దభాలున మూసుకుంటుంది. లైన్‌లో చిన్న రంధ్రమున్న రెస్ట్రిక్టర్ వేస్తే అది నిదానిస్తుంది.

వ్యాఖ్యాత: పంజాను వెల్డింగ్ చేయాలా, బోల్టులతో బిగించాలా?

మేస్త్రి: బలం విశాలంగా పరుచుకునేలా ఏది చేసినా మంచిదే. బకెట్ పై అంచు నడిమి భాగానికి పంజా బ్రాకెట్‌ను నేరుగా అతికితే, పట్టిన ప్రతిసారీ ఆ రేకు కొద్దికొద్దిగా వంగి చివరికి చీలిపోతుంది. అంచు పొడవునా పట్టీనో, వెనుక గోడ మీదికి దిగే ప్లేటునో ముందు వేసి, దానికి బ్రాకెట్‌ను బిగించాలి. బోల్టులైతే లోపలివైపు కూడా ప్లేటు ఉండాలి. వెల్డింగ్ చేసేటప్పుడు బకెట్‌ను ట్రాక్టర్ నుంచి విప్పి పక్కన పెట్టండి. అప్పుడు కరెంటు పిన్నుల గుండా, సిలిండర్ల గుండా, ఎలక్ట్రానిక్ భాగాల గుండా పారే ప్రమాదమే ఉండదు.

వ్యాఖ్యాత: పైపుల విషయంలో ఏం గమనించాలి?

మేస్త్రి: బకెట్‌ను పూర్తిగా వంచి, పూర్తిగా తిప్పి, చేతులను అడుగు నుంచి పైదాకా ఎత్తి చూసిన తర్వాతే హోసుల పొడవును నిర్ణయించాలి. వదులుగా వేలాడితే కొమ్మ తగిలి తెగుతుంది, బిగుతుగా ఉంటే ఫిట్టింగ్ ఊడుతుంది. ఫిట్టింగుల థ్రెడ్లు పలు రకాలుగా ఉంటాయి. జేఐసీ, బీఎస్‌పీ, ఎన్‌పీటీలను ఒకదానికొకటి బలవంతంగా బిగిస్తే లీకు తప్పదు. బకెట్‌ను తరచుగా మార్చేవారు పైపులను సులువుగా విప్పి కలిపే, ముఖం చదునుగా ఉండే ఫ్లాట్ ఫేస్ కప్లర్లు వేసుకుంటే మట్టి లోపలికి చేరడం తగ్గుతుంది.

పంజా దగ్గర పైలట్ చెక్ వాల్వ్, అంటే బటన్ నొక్కేదాకా సిలిండర్‌లోని ఆయిల్‌ను వెనక్కు పోనివ్వని వాల్వ్ ఉండటం కూడా అవసరమని నేను భావిస్తాను. సోలనాయిడ్ వాల్వ్ లోపల జరిగే స్పూల్ అనే కడ్డీ పక్కనుంచి ఆయిల్ కొద్దిగా కారుతూ ఉండవచ్చు. చెక్ వాల్వ్ లేకపోతే దుంగను మోసుకుపోతుండగా పట్టు మెల్లగా సడలుతుంది.

వ్యాఖ్యాత: ప్రాణాపాయం కలిగించే విషయాలేమిటి?

మేస్త్రి: మొదటిది సన్నని లీకు. సూది మొనంత రంధ్రం నుంచి అంత ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడుతుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. కానీ లోపల కండరం పాడవుతుంది, గంటలు ఆలస్యమైతే వేలునో చేతినో తీసేయవలసి రావచ్చు. లీకును చేత్తో ఎన్నడూ వెతకవద్దు, అట్టముక్కను అడ్డుపెట్టి చూడండి. ఆయిల్ లోపలికి పోయిందనే అనుమానం వచ్చినా అత్యవసర విభాగానికి వెళ్లి, ఒత్తిడితో ఆయిల్ చర్మంలోకి చొచ్చుకుపోయిందని స్పష్టంగా చెప్పాలి. పైపు విప్పే ముందు లోడర్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పంజా బటన్లను రెండు వైపులా నొక్కి ఒత్తిడిని వదిలించాలి.

రెండోది, ముందుకు బోల్తాపడటం. పంజా ఉంటే బకెట్ పట్టే పరిమాణాన్ని మించిన సరుకును కూడా పట్టుకోవచ్చు. ప్రమాదం వచ్చేది అక్కడే. వెనుక లిఫ్టుకు బరువు తగిలించకపోతే వెనుక చక్రాలు తేలిపోతాయి. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి కనుక, వాలులో దిగేటప్పుడు ఆ చక్రాలు తేలితే బ్రేకు ఉన్నా లేనట్టే. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంచండి, సరుకును నేలకు దగ్గరగా మోయండి. దుంగను పైదాకా ఎత్తితే అది లోడర్ చేతుల మీదుగా నడిపేవారి మీదికి దొర్లవచ్చు.

వ్యాఖ్యాత: బిగించడం పూర్తయ్యాక మొదటిసారి ఎలా నడపాలి?

మేస్త్రి: ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా పంజాను పలుమార్లు తెరిచి మూయండి, లోపలి గాలి పోతుంది. కొత్త సిలిండర్, హోసులు నిండడానికి కొంత ఆయిల్ ఖర్చవుతుంది కాబట్టి ట్యాంకులో మట్టం చూసి, మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిల్‌నే కలపండి. తర్వాత తేలికపాటి కొమ్మలతో కాసేపు పనిచేసి, ఆపి, బోల్టులన్నిటినీ మళ్లీ బిగించండి. కొత్త ప్లేట్లు సర్దుకున్నాక అవి తప్పకుండా కొంత వదులవుతాయి.